సన్మాన పత్రానికి సవరణ

పోయిన ఆదివారం మా టాటానగర్ తెలుగు సంఘం హాల్లో అక్కయ్యకు సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్ళంతా పనసపొట్టు కూర గురించి మాట్లాడారు.

నిజమే, ఆవపెట్టిన పనసపొట్టు కూర ఆవిడ చేతిలో బాగుండేది. దాన్ని కాదనడానికి నేను కలం పట్టలేదు. ఒకాయన లేచి, "భర్తకు నీడలా మసలిన ఇల్లాలు" అన్నాడు. ఇంకొకాయన కళ్ళద్దాలు తుడుచుకుని, "బావగారు ఆ పాత విలాయతీ కారు యాక్సిల్ సొంత చేతులతో మారుస్తుంటే, ఈవిడ పక్కన నిలబడి మంచినీళ్ళు అందించేది. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది" అన్నాడు. హాలు మొత్తం తలూపింది.

ఆ దృశ్యం ఏనాడూ జరగలేదు. జరిగిందని ఈ ఊళ్ళో తెలుగువాళ్ళందరినీ నమ్మించినవాణ్ణి నేను. యాక్సిళ్ళు మార్చింది ఆవిడ. మంచినీళ్ళు అందించింది ఆయన. ఆ ఒక్క ముక్కా సరిచెయ్యడానికే ఇంత రాస్తున్నాను.

అక్కయ్య నాకు తోబుట్టువు కాదు. డెబ్బైల చివర్లో ట్రక్కుల ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగంలో గుమాస్తాగా చేరి, టెల్కో కాలనీ బ్యాచిలర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. నా పైఅధికారి ఆవిడ భర్త. గోదావరి జిల్లా మనిషి, మెత్తటివాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోలేనివాడు. ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచారు. వడ్డన దగ్గర ఆయన్ని "సార్" అన్నాను.

"ఇంట్లో సారేటి?" అంది ఆవిడ గరిటె ఆపి. "అక్కా బావా అను. నేకపోతే పప్పులో ఉప్పెయ్యను."

అప్పటినుంచి ఆవిడ అక్కయ్య, ఆయన బావగారు.

ఆవిడది విజయనగరం. పొడగరి. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. మనం మాట్లాడుతుంటే మధ్యలో చెయ్యెత్తి "ఆగు" అనేది. వీధిలో పోయే బండి చప్పుడు వినడానికి. విని జబ్బు చెప్పేది. "ఇది బేరింగు." "దీనికి సైలెన్సరు ఊడతాది, ఇవాళో రేపో." సగం రోగనిర్ధారణలు తప్పేవి. ఊడుతుందన్న సైలెన్సరు వారం తర్వాత కూడా అదే వీధిలో క్షేమంగా తిరుగుతుంటే, "ఆడు బాగుసేయించుకున్నాడు కాబోలు" అనేది. తను పొరబడిందని ఒప్పుకోవడం నేను వినలేదు. పేకాటలో ముక్క దాచేది. పట్టుకుంటే, "చూసేవా? నీ కళ్ళు బాగున్నాయి" అని మెచ్చుకునేది తప్ప సిగ్గుపడేది కాదు.

ఆవిడ తండ్రి విజయనగరంలో టాక్సీలు తిప్పేవాడు. ఆ షెడ్డులోనే ఆవిడ పెరిగింది. జూట్ మిల్లు దొర ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ అమ్మేసిన నల్ల కారు ఒకటి ఆ షెడ్డులో ఉండేది. తండ్రి టాక్సీల వ్యాపారం మానేశాక, ఆ కారు గూడ్సు బండిలో టాటానగర్ వచ్చి దిగింది. అక్కయ్య దానికి పెట్టిన పేరు దొరసాని. "దొరసానికి ఎండ తగుల్తంది, నీడకి తియ్యండి" అంటే బావగారు అన్నం తింటున్నవారు కూడా లేచేవారు.

దొరసానికి ఉన్న జబ్బు ఒకటే, వెనక యాక్సిల్. వెనక చక్రాలు రెండింటికీ నడుమ గేర్లుండే గుండ్రటి పెట్టె ఒకటి ఉంటుంది. అందులోంచి అటొకటి ఇటొకటి ఇనుప కడ్డీలు చక్రాలదాకా వెళ్తాయి. ఇంజను బలమంతా మోసి చక్రాలు తిప్పేవి ఆ కడ్డీలే. వాటి చివర పళ్ళు అరిగితే, బండి కదిలే ముందు వెనకనుంచి ఠంగుమంటుంది. ఆ ఠంగు కొన్నాళ్ళు నడిచాక కడ్డీ విరుగుతుంది. ఇక ఇంజను ఎంత అరిచినా బండి అంగుళం కదలదు.

అంత తరచుగా ఎందుకు విరిగేవో కూడా ఇక్కడే రాసేస్తాను. ఆ విషయంలోనూ బావగారికి అన్యాయం జరిగింది. విరగ్గొట్టేది అక్కయ్యే. క్లచ్చి మీంచి కాలు ఒక్కసారిగా తీసేసేది. గోల్‌మురి చౌరస్తాలో పోలీసు చెయ్యి ఊపితే చాలు, దొరసాని కట్టు తెంపుకున్న గేదెలా దూకేది. బావగారు నడిపితే మాత్రం బండి కదిలిందో లేదో తెలిసేది కాదు. "మీరు బండి నడుపుతన్నారా, జోకొడతన్నారా?" అనేది పక్కసీట్లోంచి.

"నువ్వే విరగ్గొడుతున్నావక్కా" అన్నాను ఒకసారి ధైర్యం చేసి.

"నేనిరగ్గొట్టడవేటి? ఇరగడం దాని పని. అది ఇరక్కపోతే లోపల గేర్లన్నీ రాలిపోతాయి. దానికి దణ్ణం ఎట్టాలి" అంది.

అసలు సంగతి నాకు తెలిసింది మరో ఆదివారం. చెప్పిన వేళకంటే ముందే వెళ్ళిపోయాను. గ్యారేజీ ముందు దొరసాని ఒకపక్క జాకీ మీద లేచి ఉంది. కారు పైకప్పు మీంచి నేలదాకా ఒక దుప్పటి వేలాడుతోంది. దాని ముందు పేముకుర్చీలో బావగారు, ఒక చేతిలో పేపరు, ఇంకో చేతిలో పానా. బుగ్గమీద గ్రీజు మరక.

"యాక్సిలా బావగారూ?" అన్నాను.

"ఆఁ. బాగా బిగుసుకుపోయింది" అన్నారు నుదురు తుడుచుకుంటూ.

దుప్పటి అంచు కింద రెండు పాదాలు కనిపిస్తున్నాయి. వాటికి మట్టెలున్నాయి.

"ఎవులండీ అది?" అంది దుప్పటి.

"మనవాడేనే."

"మనోడైతే లోపలికి రమ్మనండి. ఇది పట్టుకోడానికి ఒక సెయ్యి కావాలి."

లోపలికి వెళ్ళాను. చీర మీద బావగారి పాత ఆఫీసు చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతిదాకా మడిచి, తలకు తువ్వాలు కట్టుకుని, అక్కయ్య చిన్న పీట మీద కూర్చుని ఉంది. చక్రం, బ్రేకు డ్రమ్ము పక్కన పెట్టేసి ఉన్నాయి. చక్రం ఉండాల్సిన చోటునుంచి యాక్సిల్ కడ్డీని రెండు చేతులతో నెమ్మదిగా బయటికి లాగుతోంది. నూనె కారుతుంటే కింద పెట్టింది పాత సత్తు పళ్ళెం. అంతకు ముందు ఆదివారం నేను దాంట్లోనే బజ్జీలు తిన్నాను.

"ఈ గీత సూడు" అంది కడ్డీని వెలుగులో పెట్టి. కడ్డీ పొడుగునా తెల్ల రంగు గీత ఉంది. చివరికి వచ్చేసరికి ఆ గీత పక్కకు తిరిగిపోయి, జంతికలా మెలితిరిగింది. "ఎక్కించేటప్పుడు నిటారుగా గీసేను. ఇప్పుడు సూడు, ఎలా తిరిగిపోయిందో. ఇంకో నెల ఉంచితే ఇరిగిపోతాది. మా నాన్న నేర్పేడు."

ఆ గీత మీద ఆవిడకున్న మురిపెం మాటల్లో చెప్పలేను. పిల్లల ఎత్తు గోడమీద గుర్తు పెట్టుకునేవాళ్ళ మొహంలో అలాంటిది చూశాను.

ఈ దుప్పటి నాటకం ఎలా మొదలైందో బావగారే చెప్పారు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అక్కయ్య యాక్సిల్ మారుస్తూ కిరోసిను తేవడానికి ఇంట్లోకి వెళ్ళిందట. పానా ఆయన చేతికిచ్చింది. అదే సమయానికి పక్క క్వార్టరు బెంగాలీబాబు వచ్చి, "అరే వాహ్ దాదా, ఆప్ ఖుద్ కర్తే హైఁ?" అన్నాడు. మీరే చేసుకుంటారా అని అంత ఆశ్చర్యంగా అడిగితే కాదనడానికి బావగారికి నోరు రాలేదు. కిటికీలోంచి అక్కయ్య ఇదంతా చూసి నోట్లో కొంగు కుక్కుకుని నవ్విందట. మర్నాటికి ఆ మాట కాలనీ అంతా పాకిపోయింది. ఇక వెనక్కి తీసుకోవడం కుదరలేదు. ఆఫీసరు భార్య నేలమీద కూర్చుని నట్లు విప్పుతుందంటే ఆ రోజుల్లో ఆ ఆఫీసరు గురించి నాలుగు రకాలుగా అనుకునేవారు. అదీ ఒక కారణం. కానీ ముఖ్యమైన కారణం, వాళ్ళిద్దరికీ ఆ నాటకం నచ్చింది. పని మొదలుపెట్టే ముందు ఆవిడే ఆయన బుగ్గమీద దిష్టిచుక్క పెట్టినట్టు గ్రీజు పెట్టేది. కాస్త వెనక్కి జరిగి చూసి, ముక్కుమీద ఇంకొంచెం పెట్టేది.

పని అయ్యాక చేతులు కడగడం పెద్ద తతంగం. ముందు కిరోసిను, తర్వాత సబ్బు, చివర్లో నిమ్మచెక్కతో ఒక్కో గోరూ తోమేది. నిమ్మచెక్కలు కోసి అందించేది బావగారు. గోళ్ళ సందుల్లో నలుపు ఉంటే పేరంటంలో తెలిసిపోతుందని భయం. పేరంటాల్లో ఆవిడ చేతులంత తెల్లగా ఎవరి చేతులూ ఉండేవి కావు.

రానురాను బావగారు తన వేషంలో బాగా ఒదిగిపోయారు. ఆఫీసులో టీ వేళ యాక్సిళ్ళ మీద ఉపన్యాసాలు ఇచ్చేవారు. "పాత బండి యాక్సిల్ మనసు తెలుసుకోవాలయ్యా. చలికాలం అది ముడుచుకుపోతుంది" అన్నారోసారి. ఆ మాట మోసుకెళ్ళి అక్కయ్యకు చెప్పాను. నవ్వి నవ్వి దగ్గొచ్చి కూర్చుండిపోయింది. "ముడుచుకుపోతాదంటనా! రగ్గు కప్పమననేదేటి?" అంది.

ఒక శీతాకాలం ఆ కీర్తి ఆయన మెడకే చుట్టుకుంది.

మా డిపార్ట్‌మెంటు అందరం కుటుంబాలతో డిమ్నా చెరువు దగ్గరికి పిక్నిక్ వెళ్ళాం. మా అందరి మీదా పెద్ద అధికారి, పంజాబీ ఆయన, మేం పెద్దసాబు అనేవాళ్ళం. ఆయనకూ దొరసానిలాంటి కారే ఉండేది. అదే రకం, అదే వయసు. మధ్యాహ్నం దాన్ని నీడలోకి తియ్యమని ఆయన డ్రైవరుకు చెప్పి, మళ్ళీ ఏమనిపించిందో తనే ఎక్కి వెనక్కి తీశారు. గట్టు మీద చక్రం జారింది, రాయి తగిలింది, టప్‌మంది. ఇంజను అరుస్తోంది, కారు మాత్రం కదల్లేదు.

"యాక్సిల్" అంది అక్కయ్య పూరీ తుంచుతూ, నాకు మాత్రమే వినబడేలా.

అప్పటికే నలుగురైదుగురు బావగారివైపు తిరిగారు. "అరే, డాక్టర్ తో యహీఁ హై!" అని ఎవరో, బండ్ల డాక్టరు మన దగ్గరే ఉన్నాడంటూ చప్పట్లు కొట్టారు. పెద్దసాబు కారు దిగి ఆశగా చూశారు. బావగారి చేతిలో పూరీ నోటికీ కంచానికీ మధ్య ఆగిపోయింది.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నారు పెదవులు కదపకుండా.

"ఎల్లండి. నేను పక్కన నిలబడి సెప్తుంటాను."

"ఇంతమంది ముందా?"

"తెలుగులో సెప్తాను. తిడతన్నట్టు సెప్తాను. పెళ్ళాం తిడితే ఎవులూ అనుమానపడరు."

దొరసాని డిక్కీలో కొత్త యాక్సిల్ ఎప్పుడూ ఉండేది, ఆవిడ పెళ్ళినాటి పట్టుచీర ముక్కలో చుట్టి. దాన్ని, పనిముట్ల సంచిని నేను మోసుకొచ్చాను. ఆ గుంపులో తెలుగువాళ్ళం మేం ముగ్గురమే. బావగారు స్వెట్టరు చేతులు పైకి మడుచుకున్నారు. అక్కయ్య నడుంమీద చెయ్యి పెట్టుకుని గొంతు సవరించుకుంది.

"రాళ్ళెట్టండి ముందు చక్రాలకి! ముందు అంటే ముందు! అది ఎనక!"

పెద్దసాబు నా చెవి దగ్గరికి వంగి, "భాభీజీ కో ఇత్నా గుస్సా క్యోఁ?" అని, ఆవిడకు అంత కోపం ఎందుకో అడిగారు.

"కొత్త స్వెట్టరు పాడవుతుందని, సర్" అన్నాను హిందీలో.

"జాకీ కింద పలకెయ్యండి, నేకపోతే మట్టిలో దిగిపోతాది. పలక! నా మొహంలో ఏటి సూత్తారు, నా మొహమ్మీదుందా పలక?"

"స్వెట్టరు ఆవిడే అల్లిందా?" అన్నారు పెద్దసాబు.

"అవును సర్."

ఆయన జాలిగా తలూపారు.

"డ్రమ్ము సుట్టూరా కొట్టండి. ఒక్కదగ్గరే కొడితే బిగిసిపోతాది."

"నాకు తెలుసులేవే" అన్నారు బావగారు. అంతమంది ముందు ఆయనకూ పౌరుషం వచ్చింది.

"ఏటి తెలుసు? అయితే ఆ స్క్రూ ఎటు తిప్పాలో మీరే సెప్పండి."

బావగారు కాసేపు స్క్రూను చూశారు. స్క్రూ కూడా ఆయన్ని చూసినట్టే అనిపించింది. ఆయన తిప్పారు. అటు కాదు. సుత్తి బొటనవేలి మీద పడింది. పెద్దసాబు ముందుకొచ్చి ఆయన భుజం తట్టి, "సబ్ ఘర్ మే ఐసా హీ హై, భాయ్" అన్నారు. అందరి కాపురాలూ ఇంతేనని ఓదార్పు.

చివరికి కడ్డీ బయటికి వచ్చింది, సగమే. మిగతా ముక్క లోపల గేర్ల పెట్టెలో ఉండిపోయింది. దాన్ని బయటికి తియ్యడానికి అక్కయ్య దగ్గర ఒక ఇనుప చువ్వకు కట్టిన అయస్కాంతం ఉండేది. మా తెలుగు సంఘం మైకుసెట్టు కాలిపోతే ఆ స్పీకరులోంచి ఊడదీసిందే. ఏళ్ళతరబడి ఉపన్యాసాలు మోసిన అయస్కాంతం. బావగారు దాన్ని లోపలికి పెడితే అది గొట్టం గోడకే అతుక్కుపోతోంది. పక్కన పిల్లలు లెక్కపెడుతున్నారు, మళ్ళీ అతుక్కుందని.

అక్కయ్య ఇక చూడలేకపోయింది. జనం వైపు తిరిగి హిందీలో, "గాలికి ధూళి లోపలికి పోతుంది, చాదర్ పట్టుకోండి" అంది. ఆ మాట నిజమే, గేర్లలోకి దుమ్ము పోకూడదు. దుప్పటి ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొస పెద్దసాబు డ్రైవరు పట్టుకున్నాడు. చెవులకు మఫ్లరు చుట్టుకున్న మాటతక్కువ మనిషి, పొద్దుటినుంచి అతను మాట్లాడిన రెండు మాటలూ హిందీలోనే. అక్కయ్య ఒక గ్లాసు టీ పట్టుకుని, "ఈయనకి టీ ఇచ్చొస్తాను" అని దుప్పటి వెనక్కి వెళ్ళింది.

"జరగండి" అంది. బావగారు జరిగి టీ తాగారు.

చువ్వ లోపలికి వెళ్ళింది. ఆవిడ కళ్ళు మూసుకుంది, వినడానికి. టిక్కుమంది. నెమ్మదిగా లాగింది. విరిగిన ముక్క బయటికి వచ్చింది. "రా తల్లీ" అంది దానితో. కొత్త కడ్డీ పట్టుచీరలోంచి తీసి ఎక్కించింది. దానిమీద తెల్ల గీత నిటారుగా ఉంది.

"తమ్ముడూ, మధ్యలో ఏసే అట్టముక్క చిరిగిపోయింది. నూనె కారతాది. జేబులో మందపాటి కాగితం ఏటైనా ఉందేటి?"

నా జేబులో నా పెళ్ళి శుభలేఖలున్నాయి. ఆ పిక్నిక్‌లో అందరికీ పంచుదామని తెచ్చాను.

"శుభలేఖక్కా."

"ఇంకా మంచిది. అట్ట మందంగా ఉంటాది."

"పెళ్ళికూతురి పేరు కత్తిరించకు."

"నీ పేరే కత్తిరిత్తాన్లే" అని, పళ్ళు కోసే కత్తితో గుండ్రంగా కోసి, గ్రీజు రాసి పెట్టేసింది. పసుపు అంటిన మూల కూడా లోపలికే పోయింది. ఈ ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆవిడకు కోపం వచ్చినప్పుడల్లా, ఆ శుభలేఖ ఇంకా పంజాబీ సాబు కారులోనే తిరుగుతోందని గుర్తుచేసుకుంటాను.

స్క్రూలు బిగించి అక్కయ్య లేవబోతుండగా, దుప్పటి రెండో కొసనుంచి, తల తిప్పకుండా, ఒక గొంతు నెమ్మదిగా అంది. "అమ్మా, సేతులు తుడుసుకోండి. సాబు ఇటే వత్తన్నాడు."

ముగ్గురం కొయ్యబారిపోయాం.

"నువ్వు మనోడివేటి?" అంది అక్కయ్య.

"పలాస దగ్గిరమ్మా."

"మరి ఇంతసేపూ మాటాడవేటి?"

"మీరు తిడతన్నారు కదమ్మా. మొగుడూ పెళ్ళాల మద్దిన నేనెందుకని."

అక్కయ్య చేతులు కొంగు లోపలివైపు తుడుచుకుని, ఖాళీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చింది. బావగారు లేచి నిలబడ్డారు. కారు కదిలింది. చప్పట్లు. పెద్దసాబు బావగారిని కావలించుకున్నారు. కావలించుకుని, అక్కయ్య వైపు తిరిగి, ఇంత పనిమంతుణ్ణి అంతగా తిట్టకూడదని మర్యాదగా చెప్పారు. ఆవిడ తల వంచుకుని, "జీ" అంది. నేను చెరువు వైపు తిరిగి నిలబడ్డాను, నవ్వు ఆగక.

తిరిగి వచ్చేటప్పుడు దొరసానిని అక్కయ్యే నడిపింది. కాలనీ దగ్గర పడ్డాక బావగారు, "ఇక చెప్పేద్దామే. నాకు బాగోలేదు" అన్నారు.

"సెప్పి? రేపటినుంచి ఊరంతా వాళ్ళ బళ్ళు తెచ్చి నా గుమ్మంలో పడేత్తారు. మీరైతే ఆఫీసు పనుందని తప్పించుకోవచ్చు" అంది ఆవిడ. గేరు మార్చింది, మేమందరం ముందుకు తూలాం. "నాకేటి. నా పని నాకు తెలుసు, మీకు తెలుసు. తమ్ముడు సూసేడు. ఆ పలాసాయన సూసేడు. సాలు."

తమ్ముడు సూసేడు. ఈ మాట గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

కొన్నేళ్ళకు బావగారు రిటైరయ్యారు. తెలుగు సంఘం సన్మానం తలపెట్టింది. సన్మాన పత్రం రాయమని నన్ను అడిగారు. నేను కాస్త పద్యాలు అల్లుతానని పేరు. ఆ వారమంతా వాళ్ళింట్లోనే కూర్చుని రాశాను.

"ఏటి రాత్తన్నావు?" అంది అక్కయ్య ఒక సాయంత్రం, పకోడీలు పెడుతూ.

"బావగారి గుణగణాలు."

"యాక్సిళ్ళ సంగతి కూడా ఉందేటి?"

"అది లేకుండానా అక్కా!"

ఆవిడ నవ్వింది. "ఎలా రాత్తావో సూత్తాను" అని ఇంకో గుప్పెడు పకోడీలు వేసి వెళ్ళింది. గుట్టు జాగ్రత్త అని చెబుతోందనుకున్నాను. ఇక ఆఫీసూ లేదు, పెద్దసాబూ లేడు, గుట్టుతో పనేముందని అప్పుడు నాకు తట్టలేదు.

సన్మానం రోజు దొరసాని పొద్దున్నే మొరాయించింది. అక్కయ్య యాక్సిల్ మార్చి, బావగారిని తనే కారులో తీసుకొచ్చింది. పచ్చ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళ సందులన్నీ నల్లగా ఉన్నాయి. నిమ్మచెక్క తోమడానికి వేళ చాల్లేదేమో అనుకున్నాను. ఎప్పుడూ పేరంటానికి ఆలస్యమైనా సరే తోమకుండా కదలని మనిషి. ఆ రోజు తోమలేదు. చేతులు దాచుకోనూ లేదు.

నేను లేచి గొంతెత్తి చదివాను. ఆ వాక్యం ఇప్పటికీ నాకు కంఠస్థం. "బండి ఇరుసు భగ్నమైన వేళ సైతము ధైర్యము వీడక, స్వహస్తములతో నూతన ఇరుసు నమర్చి, మిత్రబృందమును అబ్బురపరచిన అపర విశ్వకర్మా!" హాలు చప్పట్లతో మోగింది. నాకు ఒళ్ళు పులకరించింది.

బావగారు జవాబు చెప్పడానికి లేచారు. "మీ అందరికీ నేను ఒక నిజం చెప్పాలి" అన్నారు. అక్కయ్య వైపు చూశారు. మెళ్ళో దండ సర్దుకుని, "మా ఆవిడే లేకపోతే నేను లేను" అన్నారు. రిటైరయ్యే ప్రతి మనిషీ ఆ వేదిక మీద ఆ మాటే అంటాడు. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చుండిపోయారు.

విందులో అక్కయ్య నా విస్తరి దగ్గరికి పెరుగు గిన్నెతో వచ్చింది.

"బాగుంది తమ్ముడూ, గట్టి తెలుగు" అంది. "నా యాక్సిళ్ళే ఆ గ్రాంథికంలో బిగిసిపోయేయి. సుత్తెట్టి కొట్టినా రావు." నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "నువ్వు సూసేవు కదా, అందుకని అనుకున్నాను" అంది. వెంటనే, "పెరుగెయ్యనా?" అంది.

వేసింది. పక్క విస్తరికి వెళ్ళిపోయింది. నల్లటి గోళ్ళు అప్పుడు దగ్గరగా చూశాను.

ఆ తర్వాత ఆవిడ ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు. ఎప్పటిలాగే పేకముక్కలు దాచింది, క్లచ్చి మీంచి కాలు తీసింది, నన్ను ఆదివారాలు పిలిచింది. పత్రానికి పటం కట్టించి వాళ్ళింటి ముందుగదిలో పెట్టారు. దుమ్ము తుడిచేది ఆవిడే. బావగారు మాత్రం ఆ పటం కనబడని కుర్చీలో కూర్చునేవారు. పోయేదాకా అదే కుర్చీ.

మరి నేనెందుకు దిద్దలేదు? ఆ పత్రంతోనే నాకు పేరు వచ్చింది. ఎవరికి సన్మానం జరిగినా, "అపర విశ్వకర్మలాంటిది ఒకటి రాయండి" అని నా దగ్గరికి వచ్చేవారు. రాస్తూ పోయాను. అంతకంటే గొప్ప కారణం ఉందని చెప్పుకోను.

సంతాపసభ అయ్యాక గేటు దగ్గర ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. మఫ్లరు చూసి పోల్చుకున్నాను. పలాస డ్రైవరు.

"ఏటి బాబూ, కూరలు, నీడలు, మంచినీళ్ళు... ఒక్కలూ అసలు మాట సెప్పనేదు" అన్నాడు. పిక్నిక్ తర్వాత అతను పెద్దసాబు కారుకు ఏ చప్పుడు వచ్చినా, ఆయనకు తెలియకుండా కాలనీ మీదుగా తిప్పి, అక్కయ్యకు వినిపించి తీసుకెళ్ళేవాడట. "సగం తప్పే సెప్పేదనుకోండి" అని నవ్వాడు. "యాక్సిల్ మాత్రం ఎప్పుడూ తప్పనేదు. నాకూ నేర్పింది, గీత గీయడం."

"మీరు లేచి చెప్పకపోయారా?" అన్నాను.

"నన్నెవులడుగుతారు బాబూ? నేను సూసేనంతే. మీరు సూసేరు, రాసేరు కూడాను."

అతను సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చి కూర్చున్నాను.

సంఘం వారికి నా మనవి. ఆ పటంలోని పత్రాన్ని ఇకమీదట ఎవరు చదివినా, విశ్వకర్మ వాక్యం ఉన్నచోట ఇలా చదువుకోవాలి:

"ఈ ఇంట్లో కారు యాక్సిళ్ళు విరగ్గొట్టింది అక్కయ్య. మార్చింది అక్కయ్య. బావగారు బుగ్గకు గ్రీజు పెట్టించుకుని బయట కూర్చున్నారు, పని అయ్యాక నిమ్మచెక్కలు కోసి ఇచ్చారు. ఇది నేను చూశాను."

గ్రాంథికం తీసేశాను, అక్కా. ఈసారి సుత్తి అక్కర్లేదు.